ఎవరి బిళ్ళ వాళ్ళే తిప్పాలి

నేను ఒక చెక్క బిళ్ళను. వెడల్పు రెండు అంగుళాలు, మందం మీ చిటికెన వేలంత. ఒక పక్క ఎరుపు, ఒక పక్క ఆకుపచ్చ, రెండు పక్కలా తెల్ల రంగుతో వేసిన పదిహేడు అంకె. నెత్తిన ఒక చిల్లు, అందులో తాడు ముక్క. ప్రస్తుతం ఓడ అడుగున లైఫ్ జాకెట్లు కుక్కే గదిలో, తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బాలో, నా తోటి ఇరవై మూడు బిళ్ళలతో కలిసి పడి ఉన్నాను. మా స్థానంలో మెషిన్ వచ్చింది. ప్రయాణికులు మెడలో కార్డు వేసుకుని, దిగేటప్పుడు ఒకసారి, ఎక్కేటప్పుడు ఒకసారి దానికి చూపించాలి. చూపించినప్పుడల్లా అది కుయ్యిమంటుంది. ఆ చప్పుడు ఈ గదిలోకి బాగానే వినిపిస్తుంది. నిన్న పొద్దున వరసగా నాలుగు కుయ్యిలు వినిపించాయి, మధ్యలో ఊపిరి తీసుకునేంత ఎడం కూడా లేదు. ఊగే నిచ్చెన మీద నుంచి నలుగురు మనుషులు అంత చకచకా ఎక్కలేరు. ఎవరో ఇంటిపెద్ద నలుగురి కార్డులూ తానే పట్టుకొచ్చి చూపించేశాడన్నమాట. డబ్బాలో ఉన్న నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయనకు చెప్పే దారి నాకు లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను పుట్టింది తాళ్ళరేవు వైపు, పడవలు కట్టే చోట. చుక్కాని కోసం తెచ్చిన టేకు పలకలో మిగిలిపోయిన ముక్కను. వడ్రంగి పోలయ్య నన్ను పొయ్యిలోకి పనికొస్తానని పక్కన పడేశాడు. అప్పుడే ఆ పక్కన మా ఓడకు కొత్త రంగులు వేస్తున్నారు. ఓడవాళ్ళకు ఇరవై నాలుగు బిళ్ళలు కావాలన్నారు. పోలయ్య ఆ ముక్కనే ఇరవై నాలుగు చేసి, అంచులు గరుకు కాగితంతో రుద్ది ఇచ్చేశాడు. నీళ్ళలో తిరగాల్సిన చెక్కను, మనుషులు ఓడలో ఉన్నారో లేదో చెప్పే ఉద్యోగంలో చేరాను. పొయ్యిలోకి పోవడమే నయమని తర్వాత చాలాసార్లు అనిపించింది.

మా ఓడ పెద్దదేం కాదు. పన్నెండు గదులు, ఇరవై నలుగురు ప్రయాణికులు. కాకినాడలో బయల్దేరి మడ అడవుల పాయల్లోనూ, గోదావరి సముద్రంలో కలిసే మొగల దగ్గర తేలే ఇసుక దిబ్బల మీదా తిప్పి, నాలుగో రోజున మళ్ళీ కాకినాడలోనే దింపుతుంది. దీన్ని వన్యప్రాణి యాత్ర అంటారు. కంపెనీవాళ్ళు పంచే రంగుల కాగితంలో మొసలి, డాల్ఫిన్, నీటికుక్క, తాబేలు నాలుగూ ఒకే బొమ్మలో పక్కపక్కన ఉంటాయి. నిజంగా అవి అంత దగ్గరికొస్తే సాయంత్రానికి మొసలి ఒక్కటే మిగులుతుంది. కానీ మనుషులు ఆ కాగితం పట్టుకునే ఓడెక్కుతారు, నాలుగింటినీ మొదటి పూటే చూపించమంటారు.

మా రిజ్వానా మొదటి సాయంత్రమే అందరినీ పై డెక్కు మీద కూర్చోబెట్టి ఏం ఆశించాలో, ఏం ఆశించకూడదో చెబుతుంది. రిజ్వానా అంటే మాతో తిరిగే జంతుశాస్త్రం అమ్మాయి. ముప్పై ఏళ్ళుంటాయి, ఎండకు ముక్కు మీద తోలు ఊడిపోయి ఉంటుంది. చాలాసేపు ఏమీ కనబడదని ముందే చెప్పేస్తుంది. తడుస్తారు, మోకాళ్ళ దాకా బురదవుతుంది, ఫోన్లు పనిచేయవు, పోటు ఎప్పుడొస్తే అప్పుడే మన ప్రయాణం, ఒక్కోరోజు నాలుగింటికే లేపుతాం అంటుంది. జంతువుల కోసం తిరగకండి, ఒకచోట కదలకుండా కూర్చోండి, అవే వస్తాయి అంటుంది. ఇంత బాగా చెప్పి, చివర్లో మా సంగతికొస్తుంది. సరిగ్గా ఆ సమయానికి వంటవాడు ఉల్లిపాయ పకోడీ పళ్ళెం పట్టుకొస్తాడు. ఎన్ని ట్రిప్పులు తిరిగినా అంతే. మా గురించి చెప్పే నాలుగు ముక్కలూ పకోడీ నమిలే చప్పుడులో కలిసిపోతాయి.

ఆ నాలుగు ముక్కలూ ఇవి. నిచ్చెన పక్క గోడకు ఒక బల్ల ఉంటుంది, దానికి ఇరవై నాలుగు మేకులు, మేకుకో బిళ్ళ. దిగేటప్పుడు మీ బిళ్ళను ఎరుపుకు తిప్పాలి, ఎక్కగానే ఆకుపచ్చకు తిప్పాలి. ఒక్క బిళ్ళ ఎర్రగా ఉన్నా లంగరు ఎత్తరు. ఎవరి బిళ్ళ వాళ్ళే తిప్పాలి.

ఇందులో అర్థం కానిది ఏముందో నాకు ఈరోజుకీ తెలీదు. అయినా నన్ను ఎన్ని తిప్పలు పెట్టారని. ఒకాయన నన్ను మేకు నుంచి ఊడదీసి టీ గ్లాసు మీద మూతగా పెట్టుకున్నాడు. ఆ గుండ్రటి మరక ఇంకా నా ఆకుపచ్చ ముఖం మీద ఉంది. ఇంకొకాయన నన్ను జేబులో వేసుకుని గుంటూరు తీసుకెళ్ళిపోయాడు. నేను కొరియర్‌లో తిరిగొచ్చేదాకా నా మేకుకు అట్టముక్క వేలాడింది. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక మేనేజరు మొసలి గ్యారంటీయేనా అని రిజ్వానాను మూడు రోజులు వేధించి, మూడో రోజు ఒడ్డున మొసలి నోరు తెరుచుకుని పడుకున్నప్పుడు గదిలో ఫోన్ చార్జింగ్ చూసుకుంటున్నాడు. విశాఖ నుంచి ఒకావిడ వచ్చింది, పిట్టల పేర్లు పుస్తకంలో రాసుకునేది. పేరు రాయడం అయ్యాక ఆ పిట్ట వైపు మళ్ళీ చూసేది కాదు గానీ, నన్ను మాత్రం దిగినప్పుడూ ఎక్కినప్పుడూ తిప్పి, తిప్పానా లేదా అని మళ్ళీ వెనక్కొచ్చి చూసుకునేది. నాకు దక్కిన మనుషుల్లో మచ్చలేని మనిషి ఆవిడొక్కతే.

మిగతావాళ్ళంతా ఎక్కాక తిప్పడం మరిచిపోయేవాళ్ళు. అప్పుడు నూకరాజు గంట పట్టుకుని ఓడంతా తిరిగేవాడు. నిచ్చెన దగ్గర లెక్క చూసేది నూకరాజే. నలభై దాటిన మనిషి, పుట్టింది పెరిగింది సముద్రం ఒడ్డునే. పదకొండు ఎవరండీ, పదకొండు ఎవరండీ అని అరుచుకుంటూ వెళితే, ఆ పదకొండు తీరిగ్గా రెండో ఇడ్లీ తింటూ దొరికేవాడు. ఇది ఎంత విసుగైనా ప్రమాదం లేని తప్పు. ఓడలో ఉన్నవాడి కోసం ఓడ కాసేపు ఆగుతుంది, అంతే. దీనికి తలకిందులైన తప్పు ఒకటుందని, అది ఎవరైనా చేస్తారని నాకు తెలిసొచ్చింది మాఘమాసంలో వచ్చిన ఒక ట్రిప్పులో.

ఆ ట్రిప్పులో పదహారో బిళ్ళ భీమశంకరం గారిది. నేను ఆయన భార్య శేషారత్నం గారి దాన్ని. సామర్లకోట నుంచి వచ్చారు. ఆయన రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్క తప్పు సిగ్నల్ ఇవ్వలేదన్నది ఆయన గర్వం. ఓడెక్కిన గంటలోపు ఆ మాట కెప్టెన్‌కి, వంటవాడికి, నూకరాజుకి, పక్క గదిలో దిగిన కొత్త దంపతులకి విడివిడిగా చెప్పారు. మంచి మనిషే, అది కూడా చెప్పాలి. మొదటి రోజు పడవ ఊపుకి ఆవిడకు వాంతులైతే నిమ్మకాయ పట్టుకుని గంటసేపు పక్కనే నిలబడ్డారు. ఎండలో ఆవిడకు గొడుగు పట్టారు. కాకపోతే ఆవిడ చేయాల్సిన పని ఏదీ ఆవిడకు మిగల్చరు. గది కాగితాల మీద ఆవిడ సంతకం ఆయనే పెట్టేశారు. ఆవిడ కాఫీలో చక్కెర వద్దని ఆయనే చెప్పారు. మీకేం చూడాలనుందండీ అని రిజ్వానా ఆవిడను అడిగితే, ఆవిడకేముంది, ఏది చూపిస్తే అది చూస్తుంది అని ఆయనే జవాబిచ్చారు. అసలు ఈ ట్రిప్పుకు వెళ్దామని పట్టుబట్టింది తానేనని ఆవిడ కొత్త పెళ్ళికూతురితో చెప్పుకుంటుంటే నేను విన్నాను. పెళ్ళయిన ముప్పై ఒక్క ఏళ్ళలో ఫలానా చోటికి వెళ్దామని నోరు తెరిచి అడగడం అదే మొదటిసారట.

మొదటి రోజు దిగేటప్పుడే ఆయన పదహారునీ నన్నూ రెండు చేతులతో ఒకేసారి తిప్పేశారు. ఎక్కేటప్పుడూ అంతే. నూకరాజు చూశాడు.

"ఏవండీ, అమ్మగారి బిళ్ళ అమ్మగారే తిప్పాలండి. మీరు తిప్పకూడదండి," అన్నాడు.

"మేమిద్దరం వేరువేరా ఏవిటోయ్? నేనెక్కడుంటే ఆవిడక్కడే," అన్నారాయన నవ్వుతూ.

నిజానికి ఆ క్షణాన ఆవిడ ఆయన వెనకే నిచ్చెన చివరి మెట్టు మీద ఉంది. పెద్దాయన కదా అని నూకరాజు ఊరుకున్నాడు. అతను ఊరుకున్నాడని నాకు చిర్రెత్తుకొచ్చింది. రెండో రోజు కూడా ఇదే జరిగింది, ఈసారి నూకరాజు ఆ మాట కూడా అనలేదు. రెండు రోజుల్లో ఒక్కసారి కూడా శేషారత్నం గారి వేలు నాకు తగల్లేదు. నేను ఆవిడ బిళ్ళనన్న మాటే గానీ ఆవిడ చెయ్యి చల్లగా ఉంటుందో వెచ్చగా ఉంటుందో నాకు తెలీదు.

మూడో రోజు పొద్దున గవ్వల దిబ్బ దగ్గర ఆగాం. మొగకు ఎదురుగా సముద్రంలో లేచిన ఇసుక దిబ్బ అది. ఆటు సమయంలో పైకి తేలుతుంది, పోటుకు మునిగిపోతుంది. అమావాస్య వెళ్ళిన మర్నాడు కాబట్టి ఆరోజు పోటు పెద్దది. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే దిబ్బ నీళ్ళ కిందికి పోతుందని రిజ్వానా ముందే చెప్పింది. ఏడున్నరకు రెండు రబ్బరు పడవల్లో జనాన్ని దింపారు. కళ్ళు తిరుగుతున్నాయని ముగ్గురు ఓడలోనే ఉండిపోయారు. ఎంతమంది దిగారో ఎవరి తలలోనూ లేదు, మా బల్ల మీదే ఉంది. అందుకేగా మేమున్నది.

దిబ్బ మీద ఏం జరిగిందో నేను చూడలేదు. తర్వాత నిచ్చెన దగ్గర అందరూ చెప్పుకోగా విన్నాను. రిజ్వానా ఎర్ర పీతల గురించి చెప్పిందట. అడుగుల చప్పుడుకి అవి బొరియల్లోకి దూరిపోతాయి, దూరంగా వెళ్ళి పావుగంట బొమ్మలా కూర్చుంటే ఒక్కొక్కటే బయటికొచ్చి ఇసుకను ఉండలు చేసి పేర్చుతాయి అందట. అందరూ రెండు నిమిషాలు కూర్చున్నారు, ఏమీ రాలేదు, లేచి ఫోటోలు దిగారు. శేషారత్నం గారు మాత్రం దిబ్బకు అవతలి పక్కన, పల్లంలో, అలాగే కూర్చుండిపోయింది. మా ఓడ నడిచినన్నాళ్ళలో రిజ్వానా చెప్పింది చెప్పినట్టు చేసిన ప్రయాణికురాలు ఆవిడే అయి ఉంటుంది. చుట్టూ పీతలొచ్చాయి, వందల్లో వచ్చాయట. కదిలితే పోతాయని ఆవిడ తల కూడా తిప్పలేదు.

తొమ్మిదిన్నరకు ఒక ముసలాయన కళ్ళు తిరిగి కింద కూర్చుండిపోయాడు. అతన్ని తీసుకుని రిజ్వానా మొదటి పడవలో వచ్చేసింది. అదే పడవలో భీమశంకరం గారు కూడా ఎక్కారు. రత్నం వెనక పడవలో వస్తుందిలే అనుకున్నారట. నిచ్చెనెక్కి, చెప్పుల ఇసుక దులుపుకుని, పదహారును తిప్పారు. అదే ఊపులో నన్నూ తిప్పారు. ఆయన వెనక నిచ్చెన మీద ఎవరూ లేరు. నూకరాజు ఆ కళ్ళు తిరిగిన ముసలాయన్ని భుజం మీద వేసుకుని మోస్తున్నాడు, ఇటు చూడలేదు. ఎర్రగా ఉండాల్సిన నేను ఆకుపచ్చగా మారి, నా టీ మరకతో సహా లోకానికి ముఖం చూపిస్తూ వేలాడాను. రాలేదు, ఆవిడ రాలేదు అని అరవాలనుంది. చెక్కకు నోరెక్కడిది. గాలి గట్టిగా వీస్తే తిరగబడతానేమోనని కూడా ఆశపడ్డాను. ఆరోజు గాలి లేదు.

రెండో పడవ నడిపే సరంగు దిబ్బ మీద నుంచి వాకీటాకీలో అడిగాడు, ఇంకా ఎంతమంది రావాలి అని. నూకరాజు వచ్చి బల్ల చూశాడు. ఎర్రగా ఉన్నవి వేలితో లెక్కపెట్టాడు. తొమ్మిదిమంది అన్నాడు. సరంగు పడవలో తలలు లెక్కపెట్టుకున్నాడు. సరిగ్గా తొమ్మిదిమందే ఉన్నారు. లెక్క అంత చక్కగా సరిపోయాక వెనక్కి తిరిగి చూసే మనిషి ఎవరుంటారు? వాళ్ళొచ్చి తొమ్మిది బిళ్ళలూ తిప్పారు. బల్లంతా ఆకుపచ్చ అయింది. నూకరాజు కేకేశాడు, లంగరు లేచింది, ఓడ కదిలింది.

ఆ తర్వాత రెండున్నర గంటలు నాకు నరకం. పైన జరిగేదంతా మెట్ల మీదుగా నాకు వినిపిస్తూనే ఉంది. ఓడ మడ అడవుల పాయ ముఖం దాకా వెళ్ళి ఆగింది. మూడింటి లోపు, పోటు నిండుగా ఉన్నప్పుడు పాయలోకి వెళ్ళాలి, అక్కడ మొసళ్ళుంటాయి, ఈ ట్రిప్పు మొత్తానికి అదే పెద్ద ఆకర్షణ. జనం స్నానాలు చేశారు, నిమ్మరసం తాగారు. భీమశంకరం గారు పై డెక్కు మీద కొత్త పెళ్ళికొడుకును పట్టుకుని, ఒకసారి వరదల్లో రెండు బళ్ళను ఎలా ఆపారో చెప్పారు. పడవెక్కి వచ్చిన రోజల్లా ఆవిడ గదిలో కాసేపు పడుకుంటుంది, ఈరోజూ పడుకునుంటుంది అనుకున్నారు. ఓడలో ఇరవై ముగ్గురు ప్రయాణికులు, పదిమంది పనివాళ్ళు. ఒక్కరికీ ఆవిడ లేని లోటు కనిపించలేదు.

పన్నెండున్నరకు భోజనాల గంట కొట్టారు. ఆయన గదికెళ్ళారు. పక్క దుప్పటి నలగలేదు. స్నానాల గదిలో లేదు. డెక్కు మీద లేదు. గబగబా కిందికి దిగి నా ముందుకొచ్చారు. నేను ఆకుపచ్చగా ఉన్నాను. నన్ను చూసి ఆయన ముఖం తేటపడింది, గుండెల మీద చెయ్యి వేసుకుని నిట్టూర్చారు. మీరే చెప్పండి, ఈ మనుషుల్ని ఏమనాలి? నన్ను తిప్పింది ఆయన, నన్ను నమ్మింది కూడా ఆయనే.

ఓడలోనే ఉంది, ఎక్కడో కూర్చునుంటుంది అంటూ వెతకడం మొదలుపెట్టారు. రిజ్వానా వచ్చింది, నూకరాజు వచ్చాడు, ఓడంతా రెండుసార్లు గాలించారు. వంటగది, ఇంజను గది, చివరికి నేనిప్పుడు పడి ఉన్న ఈ లైఫ్ జాకెట్ల గది కూడా చూశారు. ఆంటీ దిబ్బ నుంచి వచ్చారా అని రిజ్వానా అడిగింది. నూకరాజు నన్ను చూపించాడు. కెప్టెన్ దిగొచ్చాడు. ఆయన తర్కం ఆయనది. బిళ్ళ ఆకుపచ్చ అంటే మనిషి ఓడెక్కింది. ఎక్కిన మనిషి ఓడలో లేదంటే దారిలో నీళ్ళలో పడిపోయింది. రెండు పడవలూ దించి, వచ్చిన దారంతా నీళ్ళలో వెతకమన్నాడు. అంటే లోతు నీళ్ళలో, అటొక మైలు ఇటొక మైలు, నిదానంగా. ఆ వెతుకులాటలో పడవలు దిబ్బ దాకా చేరేసరికి మూడు దాటుతుంది. అప్పటికి అక్కడ దిబ్బే ఉండదు.

కెప్టెన్ నూకరాజును నిలదీశాడు, లెక్క నువ్వేగా చూసింది అని. నూకరాజు తల దించుకుని, బల్ల చూసే చెప్పానండి అన్నాడు. అప్పుడు చూశాను నేను భీమశంకరం గారి చేతులను. ఆయన నాకు ఎదురుగా, జానెడు దూరంలో నిలబడి ఉన్నారు. కుడి చెయ్యి దానంతటదే కొంచెం లేచింది, బిళ్ళ తిప్పినట్టు మణికట్టు తిరిగింది. ఆ చేతికి గుర్తొచ్చింది. ఆయన దానివైపు చూసుకున్నారు, నావైపు చూశారు.

చెప్పండి అన్నాను నేను. నాకున్న చెక్క ప్రాణమంతా పెట్టి అన్నాను. చెప్పండి, పోటు వస్తోంది.

ఆయన చెప్పలేదు. బల్ల పైన గోడ గడియారం ఉంది, ఒంటిగంటకు ఆరు నిమిషాలు తక్కువ. పక్కన కొత్త దంపతులున్నారు, రెండుసార్లు సిగ్నల్ కథ విన్నవాళ్ళు. వంటవాడున్నాడు. నూకరాజు తిట్లు తింటున్నాడు. సరంగులు పడవలు దించుతున్నారు. ఒక మనిషి గొంతులో ఒక్క మాట ఎంతసేపు ఇరుక్కుంటుందో నేను గడియారం చూసి మరీ చెప్పగలను. ఎనిమిది నిమిషాలు. ఆయన మీద నాకు అంత కోపం అంతకుముందు రాలేదు, తర్వాతా రాలేదు. భార్య మీద ప్రేమ లేదా అంటే ఉంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అయినా ఎనిమిది నిమిషాలు పట్టింది.

"కెప్టెన్ గారూ, అతన్నేమీ అనకండి," అన్నారు చివరికి. "ఆ బిళ్ళ తిప్పింది రత్నం కాదు. నేను. నా వెనక ఆవిడ ఉందో లేదో చూడకుండా తిప్పాను. ఆవిడ ఓడెక్కలేదు. దిబ్బ మీదే ఉండిపోయింది."

నూకరాజు అప్పటికే నిచ్చెన సగం దిగాడు. రిజ్వానా వెనకే దూకింది. నేనూ వస్తానని ఆయన కాలు కింద పెట్టబోతే కెప్టెన్ పట్టుకుని ఆపాడు. పడవ వెళ్ళిపోయింది. ఆయన నా ముందే నిలబడిపోయారు. నన్ను మళ్ళీ ఎరుపుకు తిప్పడానికి కూడా ఆయనకు చెయ్యి రాలేదు. పడవ తిరిగొచ్చేదాకా నేను ఆకుపచ్చగానే, అందరి ముందూ అబద్ధంలా వేలాడాను.

రెండుంబావుకు పడవ వచ్చింది. శేషారత్నం గారు తనంతట తానే నిచ్చెనెక్కింది. ఎవరి చెయ్యీ అందుకోలేదు. చీర నడుము దాకా తడిసిపోయి ఒంటికి అతుక్కుంది. కాళ్ళకు చెప్పుల్లేవు. అరిచి అరిచి గొంతు పోయింది. దిబ్బ నడినెత్తిన, మోకాళ్ళ పైదాకా నీళ్ళలో నిలబడి ఉందట వాళ్ళు వెళ్ళేసరికి. అల వచ్చినప్పుడల్లా కాళ్ళ కింద ఇసుక జారిపోతుంటే కాళ్ళు మార్చి మార్చి నిలబడిందట. ఓడ వెళ్ళిపోవడం కళ్ళారా చూసిందట. చీర కొంగు ఊపిందట. పడవలో ఒకే ఒక్క మాట అడిగిందని నూకరాజు తర్వాత వంటవాడితో చెప్పి ఏడ్చాడు. నన్ను లెక్కపెట్టలేదా బాబూ అని అడిగిందట. లెక్కపెట్టామండి, సరిపోయిందండి అన్నాడట నూకరాజు. అంతకన్నా అతను మాత్రం ఏం చెబుతాడు.

భీమశంకరం గారు రత్నం అంటూ ముందుకొచ్చారు. ఆవిడ ఆయన్ని దాటుకుని బల్ల దగ్గరికొచ్చింది. మూడు రోజుల్లో మొదటిసారి నన్ను సూటిగా చూసింది. పదిహేడు, ఆకుపచ్చ.

"ఇది ఎవరు తిప్పారు?" అంది.

"నేనే," అన్నారాయన.

ఆవిడ చెయ్యి చాపి నన్ను పట్టుకుంది. వేళ్ళు మంచులా చల్లగా ఉన్నాయి, ఉప్పునీటికి చర్మం ముడతలు పడిపోయింది. నన్ను ఎరుపుకు తిప్పింది.

"నేనింకా రాలేదు," అంది నూకరాజుతో, ఆ పోయిన గొంతుతోనే. "ఒక్క బిళ్ళ ఎర్రగా ఉన్నా లంగరు ఎత్తరన్నారుగా. ఎత్తకండి."

అని పై డెక్కు మీదికెళ్ళి, తడి చీరతోనే కుర్చీలో కూర్చుంది. సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. రిజ్వానా దుప్పటి కప్పింది, వద్దనలేదు. టీ తెచ్చింది, తాగింది.

రెండున్నర అయింది, మూడు అయింది. పాయలోకి వెళ్ళే సమయం వచ్చింది, దాటింది. కెప్టెన్ రెండుసార్లు నా ముందుకొచ్చి, నన్ను చూసి, చేతులు వెనక్కి పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఎవరో ఒకాయన మొసళ్ళ కోసమే ఇంత దూరం వచ్చామని సణగబోయాడు, చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు చూసి మిగతాది మింగేశాడు. నా బతుకులో మనుషులు నా రంగును అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు. భీమశంకరం గారు బల్ల పక్కనే నిలబడి ఉన్నారు. ఎవరో కుర్చీ తెచ్చి వేస్తే కూర్చోలేదు. అన్నం తెస్తే వద్దన్నారు. నాలుగైనా అలాగే ఉన్నారు. ఆయన చెయ్యి ఒక్కసారి కూడా నావైపు రాలేదు. చిత్రమేమిటంటే నా కోపం అప్పటికీ తగ్గలేదు గానీ, ఆయన అలా నిలబడే ఉండటం చూస్తే జాలేసింది.

పోటు తీయడం మొదలైంది. పాయ ముఖంలో చెట్ల వేళ్ళు బయటపడుతున్నాయి. ఇక ఆరోజుకు ఓడ లోపలికి వెళ్ళలేదు, ఆ సంగతి అందరికీ తెలుసు. అప్పుడు శేషారత్నం గారు కిందికి దిగొచ్చింది. పొడి చీర కట్టుకుంది, జుట్టు ముడేసుకుంది. భర్త పక్కనే వచ్చి నిలబడింది. ఆయన పక్కకు జరిగి దారిచ్చారు.

ఆవిడ తొందరపడలేదు. నన్ను రెండు వేళ్ళతో పట్టుకుని, ఎర్ర పక్కను కాసేపు చూసి, ఆకుపచ్చకు తిప్పింది. ఊగకుండా వేలితో ఆపింది. ఈసారి చెయ్యి వెచ్చగానే ఉంది.

నూకరాజు వచ్చాడు. ఇరవై నాలుగు బిళ్ళలనూ ఒక్కొక్కటీ వేలితో ముట్టుకుంటూ లెక్కపెట్టాడు. లెక్క సరిపోయింది. అయినా అక్కడితో ఆగకుండా వెనక్కి తిరిగి ఆవిడ ముఖంలోకి చూశాడు. చూసిన తర్వాతే లంగరు ఎత్తమని కేకేశాడు.